మేనమామ గారి మోటోక్రాస్ బండి: అమ్మాలా, బాగుచేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ మేనమామ గారు తొంభైల్లో మట్టి పందేలకు వాడిన 1989 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 మల్కాజిగిరిలోని ఇంట్లో మెట్ల కింద ఇరవై ఏళ్లకు పైగా పడి ఉంది. ఆయన నిరుడు కాలం చేశారు. ఇప్పుడు ఒకాయన వచ్చి, ఉన్నదున్నట్టుగా 45,000 రూపాయలు ఇచ్చి తీసుకుపోతానంటున్నారు. బాగుచేయిస్తే ధర లక్ష దాటుతుందని మీ మిత్రులు అంటున్నారు. ఈ రెండు దారుల్లోనూ నేను ఒక్కొక్కసారి నడిచాను, ఒకదాంట్లో మోసపోయాను కూడా, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

అమ్మాలా వద్దా అన్నదానికంటే ముందు, బాగుచేయించటం అంటే దేనిగా బాగుచేయించటం అన్నది మీరు తేల్చుకోవాలి. విదేశాల్లో పాత మోటోక్రాస్ బండి అనగానే 1973లో హోండా తెచ్చిన సీఆర్ 250ఎం ఎల్సినోర్ వంటివి గుర్తుకు వస్తాయి. అవి కర్మాగారంలోనే పందెం కోసం పుట్టిన బండ్లు కనుక వాటికి పూర్వరూపం ఒక్కటే. ఎంత జాగ్రత్తగా ఆ రూపానికి తెస్తే అంత విలువ. మన దగ్గర ఎనభైల్లో, తొంభైల్లో మట్టిలో దూకిన ఆర్‌ఎక్స్ 100లు, యెజ్డీలు, షోగన్‌లు అన్నీ రోడ్డు బండ్లు. వాటిని మన మెకానిక్కులే కోసి, అతికి, ఆకురాయితో రాసి పందెం బండ్లుగా మార్చారు. అలాంటి బండికి పూర్వరూపాలు రెండు ఉంటాయి: షోరూములోంచి వచ్చిన రూపం ఒకటి, మీ మేనమామ గారు తొక్కిన రూపం ఒకటి. మీ మిత్రులు చెప్పే లక్ష రూపాయలు మొదటి రూపానికి వచ్చే ధర. మీకు ఆ బండి మీద ఉన్న మమకారం రెండో రూపానిది. ఒకే ఖర్చుతో రెండూ దక్కవు, పైగా మొదటిదాని కోసం రెండోదాన్ని చెరిపేయవలసి వస్తుంది.

నేను మోసపోయింది అమ్మకంలో. 2008లో మా నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్‌ను, పాత బండ్లు సేకరిస్తానని చెప్పుకున్న ఒకాయనకు 6,000 రూపాయలకు, అడ్డికి పావుశేరు లెక్కన ఇచ్చేశాము. మంచి చేతుల్లోకి పోతున్నదని మా నాన్నగారు సంతోషించారు కూడా. రెండు నెలల తర్వాత ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేల మీద పరిచిన సామాన్ల మధ్య దాని పెట్రోలు ట్యాంకు కనిపించింది. ఎడమ పక్క తలుపు గొళ్లెం తగిలి పడిన సొట్టను బట్టి గుర్తుపట్టాను. బండిని ముక్కలు చేసి అమ్మారు, ఇంజన్ ఎవరి చట్రంలోకి పోయిందో తెలియదు, ఆర్‌సీ మాత్రం మా నాన్నగారి పేరు మీదే మిగిలింది, ఎందుకంటే బండిని కొనేవారి పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 మీద కొనేవారి పేరు రాయకుండానే మేము సంతకాలు పెట్టి ఇచ్చాము. పాత బండిని చవకగా అడిగేవారిలో చాలామందికి కావలసింది బండి కాదు, దాని భాగాలు. మీకు 45,000 చెప్పిన వ్యక్తి ఇంజన్ నంబరు చూశారా, లేక బ్లాకు మీదా, కార్బురేటర్ మీదా ఉన్న ముద్రలు మాత్రమే వెతికారా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి. ఆర్‌ఎక్స్ 100 మొదటి బండ్లలో జపాన్ నుంచి వచ్చిన భాగాలు ఉండేవి, వాటికి విడిగా గిరాకీ ఎక్కువ.

ఇక కాగితాలు. ఇది చప్పగా ఉండే విషయమే గానీ దీన్ని దాటవేస్తే తక్కినదంతా వృథా. బండి మీ మేనమామ గారి పేరు మీద ఉంటే ఇప్పుడు దాని మీద హక్కు మీ అత్తయ్య గారిది, వారి పిల్లలది. మీ దగ్గర ఉన్నంత మాత్రాన మీది కాదు. వారు ఫారం 31 ద్వారా పేరు మార్పించుకున్న తర్వాతే అమ్మకమైనా, మీ పేరుకు బదిలీ అయినా సక్రమంగా జరుగుతుంది. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కనుక అది 2004లోనే ముగిసి ఉంటుంది. తర్వాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. పొడిగింపుకు వెళ్లినప్పుడు బండిని చూస్తారు, ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి, దీపాలు, అద్దం, నంబరు పలక అన్నీ ఉండాలి. పందెం రూపంలో ఉన్న బండికి ఇది అసాధ్యం, ఎందుకంటే కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయటాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనే నిషేధిస్తుంది. "వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021లో వచ్చిన నియమాల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనం. మీ బండికి 2039 దాకా ఆ వయసు రాదు, కోసి అతికిన చట్రానికి ఆ తర్వాత కూడా వర్తించదు. అమ్మకపు ప్రకటనల్లో ఇరవై ఏళ్ల స్కూటర్‌ను కూడా వింటేజ్ అని రాసుకోవటం మనవాళ్ల సరదా, అంతే.

రెండో దారి మా అన్నయ్య బండితో నడిచాను. 1990 నాటి ఆర్‌ఎక్స్ 100, ఏపీ 9 నంబరు. ఐదేళ్లు మట్టిలో తిరిగి, తర్వాత తార్నాకలోని మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చేరింది. అన్నయ్య నిజామాబాద్‌లో స్థిరపడ్డాడు, నీకేం తోస్తే అది చెయ్యి అన్నాడు. 2021లో బయటికి తీస్తే కిక్కు రాడ్డు మీద నిలబడినా కదలలేదు. ట్యాంకు మూత తీయగానే వచ్చిన వాసన పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ డబ్బా వాసన. బలవంతం చేయకుండా ప్లగ్గు విప్పి, సిలిండర్‌లో డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశాను. అయిదో రోజున టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపితే ఒక చిన్న టక్కుమన్న చప్పుడుతో పిస్టన్ కదిలింది. ఈ పని మీరు కూడా ఇంట్లోనే చేయవచ్చు, వంద రూపాయలు కూడా కాదు, పైగా తిరిగే ఇంజన్‌కూ బిగుసుకున్న ఇంజన్‌కూ అమ్మకంలో చాలా తేడా ఉంటుంది.

తర్వాత మా ఉస్తాద్, అంటే మా మెకానిక్, ఇంజన్ హెడ్డు, సిలిండర్ ఉండే బ్లాకు విప్పారు. పిస్టన్‌కు సైలెన్సర్ వైపున నిలువు గీతలున్నాయి, అంటే ఎప్పుడో ఒకసారి సీజ్ అయింది, సిలిండర్‌లో బిగుసుకుపోయింది. మసి తుడిస్తే పిస్టన్ నెత్తిన 75 అన్న ముద్ర బయటపడింది. ఆ రెండంకెల అర్థం తెలిసినవారికి బండి చరిత్ర సగం తెలిసినట్టే. ఈ ఇంజన్ అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున పెంచి బోరింగ్ చేయిస్తారు. 75 అంటే ముప్పావు మిల్లీమీటరు ఇప్పటికే తినేశారు, ఇంకొక్క బోరింగ్‌కు మాత్రమే లోహం మిగిలింది. సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వచ్చిపోయే పోర్టుల అంచులను పైకి రాసి పెద్దవి చేశారు, ఆకురాయి గీతలు గోటికి తగులుతున్నాయి. అలా రాసిన బ్లాకు పైవేగంలో బాగా లాగుతుంది గానీ ట్రాఫిక్‌లో నీరసంగా ఉంటుంది. రాసిన లోహాన్ని తిరిగి పెట్టలేము కనుక రోడ్డు బండిగా మార్చాలంటే బ్లాకే మార్చాలి.

ఆర్‌ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కింద ఉండే క్రాంకు గది గాలి బిగువుగా ఉండాలి, ఎందుకంటే పెట్రోలు మిశ్రమాన్ని పైకి నెట్టేది ఆ గదిలోని ఒత్తిడే. ఇరవై ఏళ్లు ఎండిన రబ్బరు సీళ్లు ఆ బిగువును నిలపలేవు. కరెంటు పుట్టించే మాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి దూరి మిశ్రమం పలచబడి పిస్టన్ మళ్లీ సీజ్ అవుతుంది. క్లచ్చు వైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిలు లోపలికి లాగబడి తెల్ల పొగ వస్తుంది. అందుకే "కిక్కు కొడితే స్టార్టయింది, ఇంజన్ బాగుంది" అన్న మాటకు విలువ లేదు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఏమాత్రం ఆట ఉండకూడదు. మా బండిలో ఆ ఆట స్పష్టంగా ఉంది. ఇంజన్ మొత్తం దించి, బాలానగర్‌లోని ఒక లేత్ వర్క్‌షాపులో క్రాంకు ప్రెస్సు మీద విప్పించి కొత్త రాడ్డు వేయించాము. బేరింగులు రాణిగంజ్‌లో, పిస్టన్, రింగులు, క్లచ్చు ప్లేట్లు పుత్లీబౌలిలో తెచ్చాను. మొదట తెచ్చిన రింగులు నకిలీవి, డబ్బాలోంచి తీసి చేత్తో నొక్కగానే ఉస్తాద్ పక్కన పడేశారు.

చట్రం దగ్గరకు వచ్చేసరికి నా ఆలోచన మారింది. అప్పటిదాకా దాన్ని నల్లరంగు వేయించి, మెరుగులు పెట్టించి రోడ్డు బండిగా చేద్దామనే అనుకున్నాను. అసలు హెడ్‌లైటు, సైలెన్సర్, పక్క డబ్బాలు అటక మీద గోనెసంచిలో దొరకటంతో పని సులువనిపించింది కూడా. అయితే సీటు తీసి చూస్తే వెనక మడ్‌గార్డు బిగించే చట్రం తోకను జానెడు మేర రంపంతో కోసి ఉంది. చాసిస్ నంబరు ఉన్న చట్రాన్ని మారిస్తే కాగితం ప్రకారం అది వేరే బండి అవుతుంది; తోక అతికించవచ్చు గానీ తెలిసినవాడు వేలితో తడిమి అతుకు కనిపెట్టి ధర తగ్గిస్తాడు. హాండిల్ మెడ దగ్గర తుప్పు గీకితే అరచేతిలో సగం ఉన్న మూడు మూలల ఇనుపముక్క బయటపడింది, చేపపొలుసుల్లాంటి వెల్డింగుతో. దూకుళ్లకు మెడ విరగకుండా పాత ఉస్తాద్ వేసిన బలం అది. కుడి ఫుట్‌రెస్టును రంపపు పళ్లలా కోశారు, బురద బూటు జారకుండా. ఫోన్లో ఆ ఫొటో చూసి అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఆ పళ్లు కోసిన రాత్రి గురించి పావుగంట చెప్పాడు. అవన్నీ గ్రైండర్‌తో చెరిపేసి లక్ష రూపాయల బండి చేయటం నాకు మనస్కరించలేదు.

అందుకని ఇంజన్, బ్రేకులు, తీగలు, టైర్లు, ఫోర్కు సీళ్లు కొత్తవి చేయించి, రంగు జోలికి పోకుండా పందెం రూపంలోనే ఉంచాను. 40,000 అనుకున్నది తడిసి మోపెడై 71,000 అయింది, 14 నెలలు పట్టింది. దాన్ని రోడ్డు మీదికి తీయలేను. నెలకోసారి ట్రాలీలో వేసుకుని షామీర్‌పేట వైపు ఒక మిత్రుడి పొలానికి తీసుకుపోతాను. అమ్మితే పెట్టింది రాదు, ఆ సంగతి తెలిసే పెట్టాను. ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక తిప్పిన ప్రతిసారీ కార్బురేటర్ ఖాళీ చేయటం అదనపు చాకిరీ.

మీ విషయంలో నా అభిప్రాయం చెబుతాను. లాభం కోసమైతే బాగుచేయించకండి. ఉస్తాద్ ఖర్చు మీరు పెట్టి, లాభం కొనేవారికి ఇచ్చినట్టవుతుంది. ఆర్‌సీ దొరికి, నంబర్లు సరిపోయి, చట్రం కోయకుండా ఉంటే మాత్రం 45,000కు ఇవ్వకండి, తొందర లేకుండా ఇంకో ఇద్దరికి చూపండి. ఆర్‌సీ లేకపోతే, అత్తయ్య గారు ఒప్పుకుంటే, ఆ మొత్తం మంచి ధరే. అమ్మేటప్పుడు కడిగి, ఇంజన్ తిరిగేలా చేసి ఇస్తే చాలు, రంగు వేయించవద్దు. పాత బండికి కొత్త రంగు చూడగానే పైన పటారం, లోన లొటారం అనే అనుమానిస్తారు. ఫారాల మీద కొనేవారి పేరు, తేదీ మీ ముందే రాయించి, వారి గుర్తింపు కాగితం నకలు తీసుకున్నాకే సంతకం చేయించండి.

పందెం బండిగానే అమ్మాలనుకుంటే, మేనమామ గారి పాత ఫొటోలు, ప్రశంసాపత్రాలు అత్తయ్య గారి బీరువాలో ఉన్నాయేమో అడగండి. బెల్జియం వీరుడు జోయెల్ రోబేర్ 1964, 1968, 1969లలో, మన యెజ్డీలకు చుట్టమైన చెకోస్లొవేకియా సీజడ్ బండి మీద ప్రపంచ విజేత అయ్యాడని చెప్పి మన యెజ్డీలకు ధర పెంచబోయేవారిని చూశాను. ఆ కథ సీజడ్‌ది, ఎవరి యెజ్డీకీ అది అంటదు. ఫలానా నంబరు పలకతో ఇదే బండి గాలిలో ఉన్న ఒక్క ఫొటో ఉంటే మాత్రం కొనేవారి చూపు మారుతుంది.

కొనే ఆయనను వచ్చే ఆదివారం దాకా ఆగమనండి. ఈలోగా సీటు విప్పి టార్చిలైటుతో చట్రం తోక చూడండి, రెండు బోల్టులే కాబట్టి పది నిమిషాల పని. కోసి ఉంటే కోత ఎక్కడ ఉందో కనిపించేలా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, అతికించదగినదో కాదో మా ఉస్తాద్‌కు చూపి చెబుతాను.