ఆర్టిస్ట్ బుక్ ప్రతిపాదన పంపబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రయోగాత్మకమైన పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థకు నీ ఆర్టిస్ట్ బుక్ (అంటే పుస్తకమే కళాకృతిగా ఉండే పుస్తకం) ప్రతిపాదన పంపాలనుకుంటున్నానని, అందులో ఏమేమి ఉండాలో చెప్పమని రాశావు. అటువంటి సంస్థకు వచ్చే ప్రతిపాదనలను చాలాకాలం చదివినవాణ్ణి కనుక, నీ జాబులోని ప్రశ్నలకు ముందు నా ప్రశ్న ఒకటి ఉంది. ఇదే పనిని గోడకు తగిలించి చూపితే అందులో ఏమి పోతుంది? ఏమీ పోదంటే నీ చేతిలో ఉన్నది బొమ్మల కేటలాగు. దాన్ని వేసే ప్రచురణకర్తలు వేరే ఉన్నారు, వారికే పంపడం మంచిది. చిన్న సంస్థ తన కొద్దిపాటి డబ్బును, సమయాన్ని వెచ్చించేది పేజీ తిప్పితే తప్ప జరగని దాని కోసం.

1963లో ఎడ్ రూషే అనే అమెరికన్ కళాకారుడు ‘ట్వంటీసిక్స్ గ్యాసలీన్ స్టేషన్స్’ అనే పుస్తకాన్ని స్వయంగా వేసుకున్నాడు. దారి పొడవునా తీసిన పెట్రోలు బంకుల ఫోటోలు 26, పేజీలు 48, మామూలు ఆఫ్‌సెట్ అచ్చు, మొదటి ముద్రణ 400 ప్రతులు. అమెరికాలోని పెద్ద గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానిని తీసుకోవడానికి నిరాకరిస్తే, ఆ నిరాకరణనే ఆయన పత్రికలో ప్రకటనగా వేయించాడు. ఆ పుస్తకం సంగతంతా నేను రెండు మూడు వాక్యాల్లో చెప్పగలిగాను, గమనించావా? నీ ప్రతిపాదనలోని మొదటి పేరా అలా ఉండాలి: పాఠకుడి చేతికి ఏమి వస్తుంది, తెరిస్తే ఏమి కనబడుతుంది, చివరి పేజీకి వచ్చేసరికి ఏమి మారుతుంది. ‘జ్ఞాపకానికీ విస్మృతికీ నడుమ అన్వేషణ’ వంటి మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి, కాబట్టి నీ పుస్తకం గురించి అవి ఏమీ చెప్పవు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ డమ్మీ మీద, అంటే నమూనా ప్రతి మీద పెట్టు. అసలు కొలతలో, అసలు కాగితానికి దగ్గరగా ఉండే కాగితం మీద, నీ చేతులతో ఒక ప్రతి మడిచి కుట్టి చూసేవరకు ఆ పుస్తకం నీకు కూడా తెలియదు. రెండు పేజీల మీదుగా పరచిన బొమ్మలో ముఖం సరిగ్గా పుస్తకం వెన్ను దగ్గర, అంటే పేజీలు కలిసే చోట పడితే, జిగురుతో అతికించిన బైండింగులో అది సగం లోపలికి పోతుంది. కాగితపు నార (కాగితంలోని పీచు సాగే దిశ) పుస్తకం వెన్నుకు సమాంతరంగా లేకపోతే పేజీలు బిర్రుగా నిలబడి, తెరిచి పెట్టినా మూసుకుపోతుంటాయి. వెనక పేజీలోని గీత ముందు పేజీలోకి నీడలా కనబడాలన్నది నీ ఆలోచన అయితే, కాగితం పలచదనం ఖర్చుల పట్టికలోకి తోసివేయదగిన వివరం కాదు, పుస్తకంలో సగం అదే, ఎన్ని జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు) కాగితం మీద ఆ నీడ పడుతోందో, ఎన్నిటి దగ్గర మాయమవుతోందో రెండు మూడు రకాలు ప్రయత్నించి రాయి. ఇవేవీ కంప్యూటర్ తెర మీద తెలిసే సంగతులు కావు. డమ్మీ పూర్తయ్యాక, పేజీలు తిప్పుతున్న చేతులు మాత్రమే కనబడేలా నిమిషం లోపు వీడియో తీసి, పీడీఎఫ్‌తో పాటు పంపు. సంస్థవారు అడిగితే తప్ప డమ్మీని పంపవద్దు. ఒకే ఒక ప్రతి ఉన్నదానిని అడిగినా పంపవద్దు.

తరువాత ఒక పేజీలో భౌతిక వివరాలు ఇవ్వాలి: కొలతలు, పేజీల సంఖ్య, కాగితం, రంగులు, బైండింగ్, ఎన్ని ప్రతులు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి 50 పేజీలని రాస్తే, మడిచిన ప్రతి కాగితం నాలుగు పేజీలవుతుందన్న సంగతి నీవు ఆలోచించలేదని చదివేవారికి తక్షణమే తెలిసిపోతుంది. 48 అను, లేదా 52 అను. సంస్థ దగ్గర ఏ యంత్రం ఉందో తెలుసుకోవడం కూడా నీ పనే. రిసోగ్రాఫ్ (స్టెన్సిల్ పద్ధతిలో అచ్చు వేసే యంత్రం) మీద అచ్చు వేసేవారైతే ఒక్కో రంగుకు ఒక్కో సిరా డ్రమ్ము, రంగులు పెరిగితే అదే కాగితం మళ్లీ యంత్రంలోకి వెళ్లాలి, రంగులు ఒకదాని మీద ఒకటి కొద్దిగా పక్కకు జరిగి పడతాయి, సిరా చాలా రోజుల తరువాత కూడా వేలికి అంటుతుంది. ఈ గుణాలను కోరుకునే పని ఉంటుంది, వీటివల్ల చెడిపోయే పని ఉంటుంది. చర్మపు ఛాయలు కచ్చితంగా రావలసిన ఫోటోలను ఆ యంత్రానికి ఇవ్వమని అడగడం ఎవరికీ మేలు చేయదు.

చేతిపని లెక్క యువ కళాకారులు దాదాపు ఎవరూ వేయరు. ప్రతి పుస్తకంలో పది నిమిషాలు పట్టే ఒక మడత పెట్టావనుకో. 200 ప్రతులకు అది 2,000 నిమిషాలు, అంటే 33 గంటలకు పైగా. ఆ గంటలు ఎవరు కూర్చుంటారో, నీవే వచ్చి చేస్తావో, లేక ఆ మడత 30 ప్రత్యేక ప్రతులకే పరిమితమో ప్రతిపాదనలోనే చెబితే, ఇద్దరు ముగ్గురు నడిపే సంస్థకు నీ మీద కలిగే నమ్మకం ప్రదర్శనల జాబితా వల్ల కలగదు. ఆ జాబితా ఎలాగూ నాలుగు వాక్యాలు దాటకూడదు.

పాత పత్రికల నుంచి, ఇతరుల ఆల్బముల నుంచి తీసుకున్న బొమ్మలుంటే వాటి అనుమతులు ఎంతవరకు వచ్చాయో ఉన్నదున్నట్టు రాయి.

సంస్థవారి పుస్తకాలు కనీసం రెండు కొనో, గ్రంథాలయంలోనో చూడకుండా జాబు రాయకు. వారి పుస్తకాలలో ఏది నీ పనికి దగ్గరగా ఉందో, ఎక్కడ వేరవుతుందో చెప్పే రెండు వాక్యాలు పొగడ్త కన్నా బాగా పనిచేస్తాయి. అదే ప్రతిపాదనను మరొకచోటికి కూడా పంపితే ఆ మాట దాచవద్దు. జవాబు నెలల తరబడి రాకపోవచ్చు. వారు చెప్పిన గడువు దాటాక ఒక్కసారి మర్యాదగా అడుగు.

ఒప్పుకుంటే సంతోషంలో అడగడం మరచిపోయే సంగతులు కొన్ని ఉన్నాయి. నీకు ఎన్ని ప్రతులు ఇస్తారు, అమ్మకాల్లో వాటా ఉందా, ప్రతులు అయిపోయాక మళ్లీ వేసే హక్కు ఎవరిది, ముద్రణకు సిద్ధం చేసిన ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఆఖరి ప్రూఫు కాగితం మీద చూపిస్తారా, తెర మీదేనా? ఇవన్నీ అచ్చు మొదలుకాక ముందే లిఖితపూర్వకంగా తీసుకో. డమ్మీ తయారయ్యాక ఒకసారి నా దగ్గరకు పట్టుకురా; వెన్ను దగ్గర బొమ్మలు ఎలా పడ్డాయో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న