ముద్ద దిగకపోతే: పిల్లలకి మళ్ళీ మళ్ళీ ఎండోస్కోపీ తప్పదా?

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్ళండి. అన్నం తింటుంటే గుండె మధ్యలో పట్టేసినట్టుంది అనేవాడు. ఎండోస్కోపీ చేసి ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అన్నారు. మందు వాడాక మళ్ళీ చేశారు. వాపు తగ్గలేదని మందు మార్చి, ఇప్పుడు మూడోసారి చెయ్యాలంటున్నారు. వాడేమో "నాకు బానే ఉందమ్మా" అంటున్నాడు. ప్రతిసారీ మత్తంటే భయమేస్తోందండి. ఇంకో దారి లేదా?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: దారులున్నాయమ్మా. అయితే ఏ దారి ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలుసుకుని వెళ్ళాలి.

ముందు "బానే ఉంది" అన్న మాట సంగతి. ఈ జబ్బులో అన్నవాహిక లోపలి పొరలోకి ఈసినోఫిల్ అనే తెల్లకణాలు చేరి వాపు తెస్తాయి. ఆ వాపు ఏళ్ళ తరబడి ఉండిపోతే గొట్టం గట్టిపడి సన్నబడుతుంది. చిక్కేమిటంటే, పిల్లాడికి అనిపించేదీ లోపల ఉన్నదీ చాలాసార్లు కలవవు. బాధ పోయినా వాపు ఉండొచ్చు, వాపు పోయినా భయంతో ముద్ద దిగకపోవచ్చు. పైగా పిల్లలు తెలియకుండానే సర్దుకుపోతారు. రేపు భోజనాల దగ్గర వాణ్ణి అడక్కుండా ఊరికే గమనించండి. అన్నంలో చారు ఎక్కువ పోసుకుని జావలా కలుపుకుంటున్నాడా? ముద్దముద్దకీ గ్లాసు అందుకుంటున్నాడా? చపాతీ, కోడికూర ముక్క, పనసతొన పక్కకి నెట్టి పెరుగన్నంతో లేచిపోతున్నాడా? గారెని గోరంత ముక్కలు చేసి, నమిలిందే నములుతున్నాడా? మాత్ర మింగమంటే మొహం తిప్పేస్తున్నాడా? అందరూ లేచాక కూడా కంచం ముందే ఉన్నాడా? వీటిలో రెండు మూడు కనిపిస్తే వాడికి బాగాలేకపోయినా అలవాటు పడిపోయి ఉండొచ్చు. రెండు వారాలు ఇవన్నీ రాసి డాక్టరుకి చూపించండి. వారానికోసారి ఒకే సైజు చపాతీ పెట్టి, ఎన్ని నిమిషాల్లో తిన్నాడో, ఎన్ని గుక్కలు నీళ్ళు తాగాడో కూడా రాయండి. ఇది వాపుని కొలిచే పరీక్ష కాదు. కానీ "బానే ఉంది" అన్న మాటకంటే ఎంతో మేలు.

వాపు తగ్గిందని తేల్చేది మాత్రం ఈనాటికీ బయాప్సీయే. ఒక్కచోట కాదు, పైభాగం నుంచీ కింది భాగం నుంచీ కలిపి కనీసం 6 చిన్న ముక్కలు తీస్తారు. ఎందుకంటే ఈ కణాలు మచ్చలు మచ్చలుగా ఉంటాయి, ఒక ముక్కలో లేనివి పక్కముక్కలో ఉంటాయి. మైక్రోస్కోపు కింద బాగా పెద్దది చేసి చూసే ఒక్క వలయంలో 15 లేదా అంతకంటే ఎక్కువ ఈసినోఫిల్స్ ఉంటే జబ్బు చురుగ్గా ఉన్నట్టు లెక్క. మీ బాబు రిపోర్టులో ఈ అంకె ఉందో లేదో చూడండి. ఉత్త "వాపు ఉంది" అని రాస్తే, అంకె రాయించమని అడగండి. పాత అంకె లేకపోతే కొత్తదాన్ని దేనితో పోల్చుతారు?

ఇక మత్తు లేని దారి. ముక్కులోంచి వేసే సన్నటి ఎండోస్కోపీ ఒకటుంది. అమెరికాలో కొలరాడో పిల్లల ఆసుపత్రివారు 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో దీన్ని మత్తు లేకుండా చేసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు వాడిన గొట్టాలు 2.8, 4 మిల్లీమీటర్ల మందమున్నవి, అంటే పెన్సిలుకంటే సన్నం. ముక్కులో తిమ్మిరెక్కించే లిడోకైన్ స్ప్రే కొట్టి, కొన్ని నిమిషాలు ఆగి, పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టే చేస్తారు. కళ్ళకి వీడియో అద్దాలు పెట్టి నచ్చిన సినిమా వేస్తారు. లోపలి పని నిమిషాల్లో ముగుస్తుంది. తిమ్మిరి దిగాక తినొచ్చు, మత్తు తేరుకునే గది అవసరం లేదు. బయాప్సీ కూడా దీంతోనే తీస్తారు. సన్నటి గొట్టంలో పట్టే పట్టకారు చిన్నది కాబట్టి ముక్కలూ చిన్నవే వస్తాయి. అయినా నిర్ణయానికి సరిపోతున్నాయి.

ఎక్కడ తేడా కొడుతుందంటే: ముక్కు దూలం వంకరగా ఉన్నా, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెద్దవైనా గొట్టం దూరదు. తరచూ ముక్కులోంచి రక్తం కారే పిల్లలకి మంచిది కాదు. అన్నవాహిక సన్నబడి ఉంటే దాన్ని సాగదీయడం ఇందులో కుదరదు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి పిల్లాడి భయం. ముందురోజు చెప్పి మర్నాడు తీసుకెళ్తే సగంలోనే గొట్టం లాగేసుకుంటాడు. వారం ముందే ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి, "ఏమీ తెలీదు" అని అబద్ధం చెప్పకండి. కాకినాడ, రాజమహేంద్రవరం, విజయవాడ, విశాఖ, హైదరాబాద్ ఎక్కడికి వెళ్ళినా ఫోనులోనే మూడు ప్రశ్నలు అడగండి: పిల్లల ముక్కుకి పట్టే సన్నటి స్కోపు ఉందా, దానికి సరిపడే బయాప్సీ పట్టకారు ఉందా, పిల్లలకి మెలకువలో చేసిన అనుభవం ఉందా? మూడింటికీ అవునంటేనే వెళ్ళండి.

రెండోది దారం పరీక్ష. జిలటిన్ గొట్టం మాత్రలో చుట్టిన సన్నటి దారాన్ని పరగడుపున నీళ్ళతో మింగిస్తారు. ఒక కొస బయటే ఉంచి బుగ్గకి టేపుతో అంటిస్తారు. మాత్ర కరిగి దారం కడుపుదాకా జారుతుంది. గంటసేపు ఉంచి లాగేస్తారు. కడుపు ఆమ్లం తగిలిన భాగాన్ని బట్టి అన్నవాహికలో ఉన్న భాగం ఏదో గుర్తించి, దానికి అంటుకున్న స్రావంలో ఈసినోఫిల్స్ వదిలే ప్రొటీన్లని కొలుస్తారు. 2019లో వచ్చిన అధ్యయనంలో 7 ఏళ్ళు దాటినవాళ్ళలో దీన్ని చేశారు. పిల్లలు మాత్ర మింగడానికి ముందు చిన్న తీపి బిళ్ళలతో సాధన చేయిస్తారు. ఓకరింతలు ఎక్కువున్న పిల్లాడు కక్కేస్తే, దారం కడుపుదాకా చేరకపోతే పరీక్ష వృథా. ఇది వాపు ఉందో లేదో చెబుతుంది గానీ అన్నవాహిక ఎంత సన్నబడిందో చెప్పదు. మన దగ్గరి మామూలు ల్యాబులు దీన్ని చెయ్యవు. ఈ పేరుతో ఎవరైనా డబ్బు కట్టమంటే విశ్లేషణ ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకోండి.

దారానికి కట్టిన స్పాంజి పరీక్ష ఇంకొకటి. మాత్ర కరిగాక విచ్చుకునే స్పాంజిని పైకి లాగితే కణాలు అంటుకొస్తాయి. దీని అనుభవం ఎక్కువగా పెద్దవాళ్ళలోనే ఉంది. బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే అన్నవాహిక సన్నబడిందో లేదో బాగా చూపిస్తుంది, వాపు సంగతి చెప్పలేదు.

ఇవేవీ అందకపోయినా మీ చేతిలో ఉన్నది ఒకటుంది: ఎండోస్కోపీ వృథా కాకుండా చూసుకోవడం. మందు గానీ ఆహారం గానీ మార్చాక 8 నుంచి 12 వారాలకి చూస్తారు. అంతకుముందే చేస్తే పొర మానే వ్యవధి ఉండదు. ఒకేసారి రెండు మార్చకండి. ఏది పనిచేసిందో తెలీక ఇంకోసారి చెయ్యాల్సొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, డోసులు ఎన్ని తప్పాయో దాచకుండా చెప్పండి. నెలలో పది రోజులు మానేస్తే ముందు 8 నుంచి 12 వారాలు సరిగా వాడించి, తరవాతే పరీక్ష పెట్టుకోమంటాం. సగం వాడిన మందుకి పూర్తి ఎండోస్కోపీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి ఇదే జబ్బు. రక్తపరీక్షలో ఈస్నోఫిలియా ఎక్కువుందన్నారు. నెలనెలా రక్తం చూపించుకుంటే సరిపోదాండి, గొట్టం ఎందుకు?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: సరిపోదండి. అన్నవాహికలో వాపు గట్టిగా ఉన్నా రక్తంలో ఈసినోఫిల్స్ మామూలుగా ఉండొచ్చు. రక్తంలో పెరిగినా కారణం అన్నవాహిక కాకపోవచ్చు. మన డెల్టాలో ఇది మరీ నిజం. కొంకిపురుగు, ఏలికపాములు ఉన్నా, ఆస్తమా ఉన్నా, తామర (ఎగ్జిమా) ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. బోదకాలు పురుగు ఉన్న ప్రాంతం కాబట్టి, రాత్రుళ్ళు పొడిదగ్గుతో అంకె (మైక్రోలీటరు రక్తంలో) 3,000 దాటితే ఫైలేరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుని కూడా చూడాలి. నులిపురుగుల దినాన బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుందో లేదో కనుక్కోండి. పురుగులు పోయాక రక్తం అంకె దిగితే సంతోషించండి, కానీ అన్నవాహిక నయమైందని ఆ అంకెని చూసి మందు ఆపకండి.

ప్రశ్న: నాకు 15 ఏళ్ళు. ఇదే జబ్బుకి పాలు మానెయ్యమన్నారు. రెండు నెలలయింది, త్వరలో ఎండోస్కోపీ. పాలు తాగట్లేదు గానీ మజ్జిగ పోసుకుంటున్నాను. మామ్మ నెయ్యి వేస్తే కాదనలేకపోతున్నాను. ఫరవాలేదా?
– ఒక విద్యార్థిని, కొత్తపేట

జవాబు: నిజం రాశావు, అందుకు సంతోషం అమ్మా. కానీ నువ్వింకా పాలు మానలేదు. ఇక్కడ తగువు పాలలోని ప్రొటీన్‌తో. పెరుగు, మజ్జిగ, పన్నీరు, పాలకోవా అన్నిటా అదే ఉంది. నెయ్యిలోనూ కాస్త మిగులుతుంది. పూతరేకుల్లో నెయ్యి, రొట్టెలో, బిస్కట్లలో, చాక్లెట్లలో పాలపొడి. ఆవుపాలకి బదులు గేదెపాలు, మేకపాలు పనికిరావు. లాక్టోజు తీసేసిన పాలు కూడా కాదు, అందులో పోయింది చక్కెరే, ప్రొటీన్ కాదు.

ఇప్పుడే ఎండోస్కోపీ చేస్తే "పాలు మానినా తగ్గలేదు" అని తప్పుగా తేలుతుంది. ఆపైన గోధుమ, గుడ్డు కూడా తీసేస్తారు. అన్యాయంగా కంచం ఖాళీ అయిపోతుంది. డాక్టరుకి ఈ సంగతి చెప్పి తేదీ జరిపించుకో. ఇవాళ్టినుంచి 8 వారాలు పూర్తిగా మాను. మామ్మకి "మానెయ్యమన్నారు" అంటే వినదు. "నెయ్యి చుక్క పడితే మళ్ళీ గొట్టం వేస్తారు మామ్మా" అని చెప్పు, ఆవిడే గిన్నె పక్కన పెట్టేస్తుంది. కొబ్బరిపాలతో కూరలు కమ్మగానే ఉంటాయి గానీ వాటిలో కాల్షియం తక్కువ. రాగిజావ, నువ్వులుండ, ముళ్ళతో నమిలే చిన్నచేపలు రోజూ ఉండేలా చూసుకో. చేపలు నీకు ఆపమనలేదు కదా.

ప్రశ్న: మా మేనల్లుడికి పెళ్ళిభోజనంలో మాంసం ముక్క అడ్డుపడింది. అరటిపండు మింగిస్తే దిగింది. ఇప్పుడు బాగున్నాడు. ఇంకేమైనా చెయ్యాలా?
– ఒక మేనమామ, నరసాపురం

జవాబు: ఈసారి దిగింది, ఇంకోసారి అలా చెయ్యొద్దండి. అరటిపండు, అన్నంముద్ద తోస్తే అడ్డుపడినదాని మీద ఇంకొకటి పేరుకుంటుంది, కక్కుకుంటే ఊపిరిగొట్టంలోకి పోతుంది. ఉమ్ము కూడా మింగలేక కారుతుంటే ఏమీ పెట్టకుండా, కూర్చోబెట్టే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. కాలక్షేపం పనికిరాదు.

పిల్లల్లో ముక్క అడ్డుపడడం ఈ జబ్బుకి పెద్ద గుర్తు. ఇప్పుడు బాగున్నా పిల్లల గ్యాస్ట్రో డాక్టరుకి చూపించండి. మళ్ళీ ఎప్పుడైనా అడ్డుపడి స్కోపుతో తియ్యాల్సి వస్తే, లోపలికి తీసుకెళ్ళే ముందే "వీలైతే బయాప్సీ కూడా తియ్యండి" అని అడగండి. ముక్క మాత్రం తీసి పంపేస్తే, జబ్బేదో తేల్చడానికి పిల్లాడికి మళ్ళీ మత్తిచ్చి మళ్ళీ గొట్టం వెయ్యాలి.