అరకు రాయిలో ఎర్రచుక్కలు: సమాధానం

మీరు అరకు ఘాట్‌రోడ్డు పక్కన ఏరుకొచ్చిన రాయి ఫొటోలు చూశానండీ. ఇది అగ్నిపర్వతం రాయా, ఎర్రచుక్కలు కెంపులా, ఉంగరంలో పొదిగించుకోవచ్చా అని అడిగారు కదా. అగ్నిపర్వతం రాయీ కాదు, చుక్కలు కెంపులూ కాదు. అది ఖోండలైట్. అక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు.

ఒకప్పటి బంకమట్టి భూమి లోతుల్లోకి దిగి, దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఇలా మారింది. గుండ్రటి ఎర్రచుక్కలు గార్నెట్లు అనే ఖనిజపు గింజలు. మధ్యలో తెల్లటి దారాల్లాంటివి సిల్లిమనైట్ అనే మరో ఖనిజం. నల్లటి మెరుపు ఉన్నచోట వేలితో రుద్ది చూడండి, పెన్సిల్ మసి అంటితే గ్రాఫైట్. రెండో ఫొటోలో చారలు వంకర తిరిగి ఉన్నాయి చూశారా, లావా రాయికి సాధారణంగా అలా ఉండవు.

పక్కనే బొర్రాలో సున్నపురాయి ఎలా వచ్చిందన్నారు. బంకమట్టి ఖోండలైట్ అయితే, దాంతోపాటున్న సున్నపు పొర పాలరాయిలా మారింది. వాననీరు దాన్నే కరిగించి గుహలు తొలిచింది. ఖోండలైట్ అలా కరగదు, కుళ్లి ఎర్రమట్టి అవుతుంది. అరకు దగ్గరి గాలికొండ మీది బాక్సైట్ (అల్యూమినియం ముడిఖనిజం) కూడా దాని చలవే.

ఉంగరానికి మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ గార్నెట్ల నిండా పగుళ్లే, సాన పడితే పొడి మిగులుతుంది!