కీమో సమయంలో ఉపవాసం చేయించవచ్చా? మా అమ్మ చేసింది, ఏమైందంటే

మీ నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్, వచ్చే వారం కీమో, షుగర్ మాత్రలు కూడా వాడుతున్నారు. మూడు రోజులు మంచినీళ్ల మీద ఉంచితే క్యాన్సర్ కణాలు మాడి చస్తాయని వీడియోలో చూశాం, చేయించవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా అమ్మ ఇదే పని మాకు తెలియకుండా చేసింది కాబట్టి రాస్తున్నాను.

అమ్మకు రొమ్ము క్యాన్సర్. 21 రోజులకోసారి కీమో. మొదటి డోసు అయ్యాక బంధువుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ఉపవాసంతో క్యాన్సర్ పోతుందని కనిపెట్టిన జపాన్ ఆయనకు నోబెల్ ఇచ్చారట. ముప్ఫై ఏళ్లుగా శనివారం ఒక్కపొద్దు ఉన్న మనిషికి ఇంకేం కావాలి? "నోరు చేదుగా ఉంది, తర్వాత తింటాలే" అని కంచం పక్కకు జరిపేసేది. కీమో వల్లే అనుకున్నాం. గాజులు మోచేతి దాకా జారుతున్నా నాకు తట్టలేదు.

మూడో డోసుకు వెళ్తే బరువు 61 నుంచి 55కి దిగింది. నర్సు నమ్మక రెండోసారి తూకం మీదికి ఎక్కించింది. చాలా కీమో మందులకు డోసు కట్టేది ఎత్తు, బరువు చూసే. ఆ రోజు కీమో ఇవ్వలేదు, వారం ఆగి రమ్మన్నారు. ఆటోలో వస్తుంటే అప్పుడు బయటపెట్టింది. నేను అరిచాను కూడా. "మందు వాళ్ల చేతిలో, డబ్బు మీ చేతిలో. నా చేతిలో ఏముందే, ఈ పూట మానెయ్యడం తప్ప?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ నోబెల్ సంగతి: 2016లో యోషినోరి ఓసుమికి వచ్చిన మాట నిజమే. కణం తనలోని పాత సరుకును తానే అరిగించుకుని మళ్లీ వాడుకునే పద్ధతిని (ఆటోఫేజీ అంటారు) ఆయన ఈస్ట్‌లో పట్టుకున్నారు. క్యాన్సర్ రోగుల్ని పస్తు పెట్టమని అందులో ఎక్కడా లేదు. ముదిరిన కణితికి అదే పద్ధతి బతకడానికి సాయపడొచ్చు కూడా.

అలాగని అంతా గాలి కబురే అనను. అమెరికాలో వాల్టర్ లాంగో బృందం 2008లో ఎలుకల్ని రెండు మూడు రోజులు పస్తుంచి కీమో మందు ఇస్తే, అవి మందును బాగా తట్టుకున్నాయి. తిండి లేకపోతే మామూలు కణం పెరగడం ఆపి ముడుచుకుంటుంది, క్యాన్సర్ కణం ఆగదు, అందుకని దెబ్బ దానికే ఎక్కువ తగులుతుందన్నది వాళ్ల ఆలోచన. తర్వాత నెదర్లాండ్స్‌లో 131 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చూసి 2020లో ఫలితాలు ఇచ్చారు. అదీ నీళ్ల ఉపవాసం కాదు, కీమోకు మూడు రోజుల ముందు నుంచి బాగా తగ్గించిన ఆహారం. ఆ ఆహారం తీసుకున్న వైపు కణితి తగ్గడం స్కాన్‌లో ఎక్కువమందికి కనిపించింది. సైడ్ ఎఫెక్టుల్లో తేడా లేదు. చివరిదాకా పాటించినవాళ్లు ఐదుగురిలో ఒకరే. మీరు చూడాల్సింది ఇంకోటుంది: మరీ బక్కగా ఉన్నవాళ్లనీ షుగర్ ఉన్నవాళ్లనీ అసలు చేర్చుకోలేదు.

మీ నాన్నగారి కేసు అక్కడే ఆగిపోతుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని పస్తుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. కణితికి చక్కెర అందకుండా చేస్తామనుకుంటారు గానీ, తినకపోతే ఒళ్లు కండను కరిగించి మరీ చక్కెర తయారు చేసుకుంటుంది. ఈ మూడు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారో చూసి ఆ లెక్క డాక్టరుకు చెప్పండి. వీడియో చూపించి అడగండి, మొహమాటం వద్దు.

మాకు డైటీషియన్ కిలో బరువుకు రోజుకు కనీసం గ్రాము ప్రొటీన్ అన్నారు. అంటే అమ్మకు 55. గుడ్డులో ఆరు. చారన్నంతో ఎక్కడికొస్తుంది? వేడి అన్నం వాసనకే వాంతి వచ్చేది కాబట్టి అన్నీ చల్లారాకే ఇచ్చేదాన్ని: పెసరట్టు, పెరుగు, రాగి జావ, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం.

కార్తీకంలో సోమవారం ఉంటానని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి డాక్టర్నే అడిగాం. కీమో వారం వద్దు, మిగతా సోమవారాలు పాలు, పళ్లు, ఉడికించిన వేరుశనక్కాయలు మధ్యమధ్యలో తింటే సరే అన్నారు. నక్షత్రాలు కనపడే వేళకు వరండాలో గిన్నెడు పొట్టు పోగేసి కూర్చునేది. "ఇదేం ఉపవాసమే" అంటూనే ఇంకో కాయ ఒలిచేది.