గేటు ముందు కాంక్రీటు దారి గురించి

చి. అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కారు దారి మీద నెర్రెలు పడ్డాయని, పైన మళ్లీ సిమెంటు పూయించేస్తానని ఫోన్లో అన్నావు. ఆ పని మాత్రం చేయకు. పాత కాంక్రీటు మీద పల్చగా పూసిన సిమెంటు పట్టు నిలవదు, కొన్నాళ్లకే పెచ్చులుగా లేస్తుంది. మేస్త్రికేం, మళ్లీ పిలుస్తావని ధీమా.

ముందు నీళ్ల సంగతి చూడు. పైన తిరిగే కారు కంటే కింద చేరే నీళ్లే దారిని ఎక్కువ పాడుచేస్తాయి. మీది రుషికొండ వాలులో మెరక పోసిన స్థలం, పైగా ఎర్రమట్టి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్ని వాననీరు ఎలా కోసేసిందో చూశావుగా, నీ కాంక్రీటు అంచు కింద జరిగేదీ అదే. డాబా గొట్టం, ఏసీ నీళ్లు, ట్యాంకు పొర్లిన నీళ్లు, ఏవీ దాని పక్కన పడకూడదు. పైపు పొడిగించి కాలువలో కలిపించు. అంచుల్లో మట్టి జారిపోయిన చోట మళ్లీ నింపి గట్టిగా దిమ్మిస కొట్టించు.

తర్వాత చిన్న సుత్తి పట్టుకుని అడుగడుగునా తట్టు. ఖంగుమంటే ఫరవాలేదు. బోలుగా మోగితే కింద డొల్ల పడినట్టే, అక్కడ సుద్దతో గీత గియ్యి. అలాంటి చోట రంధ్రం చేసి సిమెంటు గ్రౌట్, అంటే జారుగా కలిపిన సిమెంటు, లోపలికి పంపాలి, పైపూతలతో పని జరగదు.

వెంట్రుకవాసి నెర్రెలకి టెన్షన్ పడకు. రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో తేదీ వేసి వదిలెయ్. గీత దాటి సాగినవీ, గోధుమరంగు మరక కారేవీ అసలు సమస్య. యూట్యూబ్‌లో మంచుదేశాలవాళ్లు కాంక్రీటు మీద ఉప్పు చల్లొద్దంటారు. మనకు మంచు లేదు గానీ ఉప్పు సముద్రమే పంపిస్తోంది. అది నెర్రెల్లోంచి దిగి లోపలి ఇనుప మెష్‌ని పడితే, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పైకి తన్నేస్తుంది. మరక కనిపిస్తే నాకు ఫోటో పెట్టు. మిగతా పగుళ్లలో దుమ్మంతా బ్రష్షుతో లాగి, బాగా ఆరాక, రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంట్ నింపించు. సిమెంటు పాలు పోస్తే కాంక్రీటు ఎండకి సాగి ముడుచుకున్నప్పుడు మళ్లీ విడిపోతుంది. పలకల మధ్య కావాలని కోసి వదిలిన జాయింట్లకీ సీలెంటే. మృగశిర కార్తె లోపు ఇదంతా అయిపోవాలి.

ఆపైన కాంక్రీటు నీళ్లు పీల్చకుండా, లోపలికి ఇంకే సైలేన్-సైలోక్సేన్ సీలర్ ఒకసారి కొట్టిస్తే నాలుగైదేళ్లు చూసుకోనక్కర్లేదు. మెరిసే రకం వద్దు, వానలో జారుతుంది.

ఆయిల్ మరకకి రంపపు పొట్టు చల్లి, మర్నాడు సర్ఫ్‌తో రుద్దితే చాలు. బాత్రూం యాసిడ్ పోయకు, మరకతో పాటు సిమెంటునీ తినేస్తుంది.

ఇంకోటి, నీళ్ల ట్యాంకరు. 5,000 లీటర్లంటే నీళ్లే 5 టన్నులు, బండి బరువు వేరే. మీ 4 అంగుళాల కాంక్రీటు కారు కోసం పోసింది. గేటు బయటే ఆపి, గొట్టం లోపలికి లాక్కోమను.

మీ పెదనాన్న