టెక్ సందేహాలు: బ్యాటరీ పోయిందా, పస్తులుందా?

ఫోను వేడెక్కుతోంది, లాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది అంటూ వచ్చే ప్రశ్నల మధ్య ఈసారి మోటార్‌సైకిల్ బ్యాటరీల మీద ఒక కట్టే పోగైంది. ‘మెకానిక్‌ను అడగండి’ అని తప్పించుకోవచ్చు. అయితే రాసినవారిలో చాలామంది మెకానిక్‌ను అడిగాకే నాకు రాశారు. అందుకని ఈ వారం శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: నా బైకు వయసు మూడేళ్లు. వారానికి రెండుసార్లు, అదీ రెండు కిలోమీటర్లకు మించకుండా తిప్పుతాను. ఈమధ్య సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మని శబ్దం వస్తోందే తప్ప ఇంజిన్ తిరగడం లేదు. బ్యాటరీ మార్చాలన్నారు. ఇంత తక్కువ వాడినా మూడేళ్లకే పోతుందా?

జవాబు: ‘ఇంత తక్కువ వాడినా’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. తక్కువ వాడినందువల్లే పోయి ఉండవచ్చు.

నీళ్లు పోసే పాతరకం సీసం బ్యాటరీ మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు, మూత తెరిచే పనిలేని ఏజీఎం రకం మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తాయి. శ్రద్ధగా చూసుకుంటే అంతకన్నా ఎక్కువే నడుస్తాయి, వదిలేస్తే ఏడాదికే చేతులెత్తేస్తాయి. డబ్బా మీది పేరు కన్నా, అది ఎన్నాళ్లు అరకొర చార్జితో పడి ఉందన్నదే దాని ఆయుష్షును ఎక్కువగా తేలుస్తుంది.

లోపల ఉండేవి సీసపు పలకలు, నీళ్లు కలిపిన గంధకామ్లం. 1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే తయారుచేసిన నాటి నుంచి నేటిదాకా మూలసూత్రం మారలేదు. కరెంటు వాడుకున్నప్పుడల్లా పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, చార్జి ఎక్కించినప్పుడు అది విడిపోయి మళ్లీ ఆమ్లంలో కలుస్తుంది. వెంటనే చార్జి చేస్తే ఆ పూత సులువుగా వదులుతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జి చేసినా కొంత భాగం కదలదు. పలకలో ఆ మేరకు చోటు మనకు శాశ్వతంగా దక్కకుండా పోయినట్టే. బైకు బ్యాటరీల్లో అరిగి పోయేవాటికన్నా ఇలా పస్తులుండి పోయేవే ఎక్కువని నా అభిప్రాయం. వేడి ఈ నష్టాన్ని త్వరపెడుతుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. చలికాలం ఉదయం బండి కదలకపోతే చలిని తిట్టుకుంటాం కానీ, అది అప్పటికే జరిగిన నష్టాన్ని బయటపెడుతుంది, అంతే.

ఇప్పుడు మీ బండి సంగతి. ముందుగా టెర్మినల్ బోల్టులు బిగుతుగా ఉన్నాయేమో చూడండి, వదులైన బోల్టు కూడా అదే టిక్ టిక్ శబ్దం చేయిస్తుంది. తర్వాత ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ తీసుకోండి. బండి ఆపి రాత్రంతా వదిలేసి, ఉదయం తాళం పెట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. 12.7 వోల్టులు, ఆపైన ఉంటే కడుపు నిండినట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 కన్నా తక్కువైతే అది పస్తులుంది, ముందు తిండి పెట్టాలి. చార్జర్‌తో పూర్తిగా నింపి, సగం రోజు పక్కన పెట్టి, మళ్లీ కొలవండి. 12.6కు పైన నిలబడితే సెల్ఫ్ నొక్కుతూ మీటర్ చూడండి. ఆ క్షణంలో వోల్టేజీ 9.5 కన్నా దిగువకు జారితే బ్యాటరీలో సత్తువ లేదని తేలినట్టే. జారకపోతే దాన్ని మార్చవలసిన అవసరం లేదు.

మూడో కొలత మాత్రం బ్యాటరీ మార్చినా, మార్చకపోయినా తప్పదు. ఇంజిన్ నడుస్తుండగా యాక్సిలరేటర్ కొంచెం పెంచి, నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర బ్యాటరీ మీద చూడండి. దాదాపు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13 దాటకపోతే చార్జింగే జరగడం లేదు. 15 దాటితే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోంది. ఈ మూడో కొలత తీయకుండా నేనొకసారి కొత్త బ్యాటరీ కొన్నాను. నాలుగు నెలలకు అదీ పడకేసింది. విప్పి చూస్తే, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి రెగ్యులేటర్‌కు వెళ్లే ప్లగ్గు కాలి కరిగిపోయి ఉంది. కాలింది ప్లగ్గు, మార్చింది బ్యాటరీ. ఆ రోజు నుంచి మల్టీమీటర్ నా సీటు కిందే ఉంటోంది.

ప్రశ్న: బండి బయటికి తీయకపోయినా, వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉన్నచోటే నడిపిస్తాను. బ్యాటరీకి ఇది చాలుతుందా?

జవాబు: చాలదు. ఒక్కోసారి చేయకపోవడమే నయం.

లెక్క వేద్దాం. స్టార్టర్ మోటార్ రెండు సెకన్ల పాటు 100 ఆంపియర్లు లాగిందనుకోండి. వినడానికి పెద్ద అంకె. కానీ ఖర్చయ్యేది ఆంపియర్-గంటలో (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఖర్చయ్యేంతలో) పద్దెనిమిదో వంతు మాత్రమే. బండి రోడ్డు మీద పరుగెడుతూ బ్యాటరీకి 2 ఆంపియర్లు పంపితే ఆ అప్పు రెండు మూడు నిమిషాల్లో తీరిపోతుంది. అయితే ఉన్నచోటే నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో మాగ్నెట్ కాయిల్ పుట్టించే కరెంటు చాలా తక్కువ. వెలిగే హెడ్‌లైట్, ఫ్యూయల్ పంపు, అప్పుడప్పుడూ తిరిగే రేడియేటర్ ఫ్యాను, అన్నీ ముందు తమ వాటా తీసుకుంటాయి. 55 వాట్ల హాలోజన్ బల్బు ఒక్కటే 4 ఆంపియర్లు తినేస్తుంది. మిగిలేది శూన్యం, కొన్ని బండ్లలో శూన్యం కన్నా తక్కువ. అంటే మీరు వారానికోసారి బ్యాటరీ నుంచి అప్పు తీసుకుని తిరిగి కట్టడం లేదన్నమాట. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కనుక సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ తేమ మిగిలిపోతుంది.

బండి తీస్తే అరగంటకు తగ్గకుండా, మామూలు వేగంతో తిప్పండి. అది కూడా నిండుగా ఉన్నదాన్ని నిండుగా ఉంచడానికే పనికొస్తుంది. సగానికి పడిపోయినదాన్ని రోడ్డు మీద నింపడం కుదరదు, ఎందుకంటే సీసం బ్యాటరీ చివరి ఇరవై శాతం చార్జిని చుక్కచుక్కగా, గంటల తరబడి తీసుకుంటుంది. ఆ పని చార్జర్‌కే వదిలేయాలి.

ప్రశ్న: మూడు నెలలు ఊళ్లో ఉండను. బండికి జీపీఎస్ ట్రాకర్, ఫోను చార్జింగ్ సాకెట్, బ్యాటరీ వోల్టేజీని ఫోనులో చూపించే బ్లూటూత్ పరికరం ఉన్నాయి. తిరిగొచ్చేసరికి స్టార్ట్ అవుతుందా?

జవాబు: ఈ సరంజామాతో అయితే కాదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, మీ బండి మీద కూర్చుని తినేవారు ముగ్గురున్నారు. తాళం తీసేసినా ట్రాకర్ 10 మిల్లీ ఆంపియర్లు, గడియారం, అలారం, మిగతావి కలిసి మరో 5 తీసుకుంటున్నాయనుకుందాం. రోజుకు 0.36 ఆంపియర్-గంటలు. మీది 9 ఆంపియర్-గంటల బ్యాటరీ అయితే పాతిక రోజుల్లో పూర్తిగా ఖాళీ. స్టార్ట్ కాని స్థితికి రావడానికి అంతకాలం కూడా పట్టదు, రెండు వారాలు చాలు. బ్యాటరీని కాపాడదామని తగిలించిన బ్లూటూత్ పరికరం కూడా ఆ బ్యాటరీ నుంచే తింటుందన్నది ఇందులో తమాషా.

మీ బండిలో నిజంగా ఎంత పోతోందో కొలవాలంటే, తాళం తీసేసి, నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను ఆంపియర్ల స్థానంలో పెట్టండి. ఆ సమయంలో తాళం తిప్పారా, మీటర్‌లోని ఫ్యూజు ఎగిరిపోతుంది. మొత్తం ఐదారు మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే, తరచూ తిప్పే బండికి దిగులక్కర్లేదు.

మూడు నెలలకు రెండు దారులున్నాయి. బండి పక్కన కరెంటు ప్లగ్గు ఉంటే, నిండగానే తనంతట తాను తగ్గి 13.2 నుంచి 13.8 వోల్టుల మధ్య కాపలా కాసే స్మార్ట్ చార్జర్ తగిలించి వెళ్లండి. ప్లగ్గు లేకపోతే బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, బండిలోంచి విప్పి, చల్లని పొడి చోట పెట్టండి. మంచి ఏజీఎం బ్యాటరీ నెలకు కొద్ది శాతమే తనంతట తాను కోల్పోతుంది, మూడు నెలలు తట్టుకుంటుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఇది చాదస్తం కాదు. నెగటివ్ ఇంకా బిగించి ఉండగా పాజిటివ్ విప్పుతుంటే చేతిలోని స్పానర్ బండి ఛాసిస్‌కు తగిలిందంటే నేరుగా షార్ట్ సర్క్యూట్. నిప్పురవ్వలు లేస్తాయి, స్పానర్ అక్కడే అతుక్కుపోవచ్చు కూడా. ట్రాకర్ ఆగిపోతుందన్న భయం మీకుంటే అర్థం చేసుకోగలను. అప్పుడు మొదటి దారే గతి.

ప్రశ్న: ఇంట్లో కారు బ్యాటరీ చార్జర్ ఉంది. బైకుకు వాడవచ్చా?

జవాబు: దాని మీద ఏ అంకె రాసి ఉందో చూడండి. బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు కరెంటుతో చార్జి చేయడం పాత, నమ్మదగిన లెక్క. 5 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీకి అర ఆంపియర్, 9కి ఒకటికి కాస్త తక్కువ. కారు చార్జర్ 8, 10 ఆంపియర్లు గుమ్మరిస్తే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే: వేడెక్కుతుంది, నీరు ఆవిరవుతుంది, పలకలు వంగుతాయి. కరెంటు తగ్గించుకునే మీట ఉన్న చార్జర్ అయితే వాడండి. ఇంకో సంగతి. నిండినా ఆగకుండా సన్నగా పారుతూనే ఉండే పాతకాలపు చార్జర్లు ఉన్నాయి. వాటిని రాత్రికి తగిలించి ఉదయం తీయవచ్చు గానీ నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీని ఎండబెడతాయి.

ప్రశ్న: లిథియం బ్యాటరీకి మారితే ఈ గొడవలన్నీ పోతాయంటున్నారు. నిజమేనా?

జవాబు: కొన్ని పోతాయి, కొన్ని కొత్తవి వస్తాయి. బైకుల్లో వాడేవి ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. మూడు నాలుగు కిలోల సీసం డబ్బా స్థానంలో సుమారు కిలో బరువున్నది వస్తుంది. తనంతట తాను ఖాళీ అవడం చాలా తక్కువ, సల్ఫేట్ బెడద అసలే లేదు. నిజంగా మంచి వస్తువు.

కానీ మీ రెగ్యులేటర్ ఆరోగ్యంగా ఉండాలి. 15 వోల్టులను సీసం బ్యాటరీ కొన్నాళ్లు మూలుగుతూ భరిస్తుంది, లిథియం భరించదు. గడ్డకట్టే చలిలో దాన్ని చార్జి చేయకూడదు. చార్జర్ కూడా లిథియం కోసం చేసిందే ఉండాలి. సల్ఫేట్ తొలగిస్తామంటూ అధిక వోల్టేజీ పంపే చార్జర్‌ను దాని దగ్గరకు రానివ్వకండి. పైన చెప్పిన వోల్టేజీ లెక్కలూ దీనికి వర్తించవు: నిండుగా ఉన్నప్పుడు 13.3 దగ్గర ఉండి, దాదాపు ఖాళీ అయ్యేదాకా 13 చుట్టూనే తిరిగి, ఒక్కసారిగా కూలిపోతుంది. వోల్టేజీ చూసి శాతం చెప్పే ఫోను యాప్‌ను ఇక్కడ నమ్మకండి. పొట్టి ప్రయాణాలు చేసే మామూలు బండికి నేనైతే మంచి ఏజీఎం, ఒక స్మార్ట్ చార్జర్ కొనుక్కుంటాను.

ప్రశ్న: బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందట కదా?

జవాబు: ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అలాంటిదేమీ జరగదు. చెక్క మీద పెట్టినా అదే వేగంతో దిగుతుంది.

ప్రశ్న: కిక్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసి స్టార్ట్ చేయవచ్చా?

జవాబు: లైట్లు మసకగానైనా వెలుగుతుంటే రెండో గేరులో ప్రయత్నించండి, కావచ్చు. మీటరు కూడా వెలగడం లేదంటే ఆయాసమే మిగులుతుంది. పాత కార్బురేటర్ బండిలో పెట్రోలు తన బరువుకు తానే కిందికి దిగేది. ఇంజెక్షన్ బండిలో పంపు తిరగాలి, కంప్యూటర్ మేల్కొనాలి, రెండింటికీ బ్యాటరీయే దిక్కు. కారు బ్యాటరీ నుంచి తీగలు కలిపి స్టార్ట్ చేయవచ్చు, 12 వోల్టులకు 12 వోల్టులే. కారు ఇంజిన్ మాత్రం ఆపి ఉంచండి.

ప్రశ్న: బ్యాటరీలో తెలియక కుళాయి నీళ్లు పోశాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: పోసింది తీయలేరు, తీయవద్దు. కుళాయి నీళ్లలోని లవణాలు లోపలే మిగిలి ఆయుష్షు కొంత తగ్గిస్తాయి, అంతే. ఇకమీదట డిస్టిల్డ్ వాటర్ పోయండి. పలకలు తేలి ఉంటే మునిగేంత వరకే పోసి చార్జి చేయండి, మిగతాది చార్జి అయ్యాక పై గీత దాకా నింపండి. ముందే నింపితే పొంగి ఆమ్లం కారుతుంది. యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, తగ్గేది నీరే. లోపల ఎంతుందో కనిపించకపోతే టార్చి వాడండి. అగ్గిపుల్ల గీశానని ఒక పాఠకుడు రాశారు. చార్జి అవుతున్న బ్యాటరీలోంచి వచ్చేది హైడ్రోజన్ అండీ.