రాత్రి చెరువు మీద ఎగిరే డ్రోన్ మిలిటరీదేనా?

రాత్రి తొమ్మిది దాటాక మీ రొయ్యల చెరువు మీద ఎర్ర, పచ్చ లైట్లతో డ్రోన్ తిరుగుతోంది, అది మిలిటరీ నిఘాదా అని అడిగారు. దాదాపుగా కాదు.

మాది రాజోలు వైపు. వరికి మందు కొట్టే పది లీటర్ల డ్రోన్ నడుపుతాను. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, మా బాబాయ్ ఫోన్ చేసి "ఒరేయ్, పాకిస్తాన్ డ్రోన్ మన చెరువు మీదే ఉందిరా" అన్నాడు. బండేసుకుని వెళ్తే గట్టంతా చీకటి. టీవీలో బ్లాకౌట్ చూసి మెయిన్ దించేశాడట. లైట్లతో పాటు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లూ ఆగిపోయాయి! అప్పటికే రొయ్యలు గాలికోసం పైకి తేలుతున్నాయి. ముందు మెయిన్ వేసి, ఆ తర్వాతే ఆకాశం వైపు చూశాను.

అది ఒకేచోట నిలబడి జోరీగలా రొద పెడుతోంది. కాసేపటికి పక్క ఊరి పెళ్లిపందిరి వైపు దిగిపోయింది. ఫోటోగ్రాఫర్ కుర్రాడిదన్నమాట.

నిలబడిందంటేనే అనుమానం సగం తీరినట్టు. నిఘాకీ దాడికీ వాడే హెరాన్, ఎంక్యూ-9బీ లాంటి పెద్ద డ్రోన్లు రెక్కలున్న విమానాలే, గాల్లో ఆగలేవు. ఎంక్యూ-9బీ 40,000 అడుగుల ఎత్తున ఒక రోజుకి మించి తిరగగలదు. అక్కడున్నది మన కంటికీ చెవికీ అందదు. మన నేవీ 2020లో అలాంటివి రెండు లీజుకు తీసుకుని తమిళనాడులోని అరక్కోణం నుంచి నడిపింది. అందులో ఒకటి 2024 సెప్టెంబరులో చెన్నై దగ్గర సముద్రంలో పడింది. ఆ మరుసటి నెలే 31 కొనడానికి ఒప్పందం అయింది, 15 నేవీకే. మన తీరం మీద నిఘా పెట్టినా మనకి తెలిసేలా ఉండదు లెండి.

ఇక ఆ మేలో పాకిస్తాన్ పంపిన డ్రోన్లు లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా, పశ్చిమ సరిహద్దు పొడవునా వచ్చాయని మన ప్రభుత్వమే చెప్పింది. కోనసీమ ఎక్కడ, అది ఎక్కడ!

మీరు గడియారం పెట్టి చూడండి. మామూలు కెమెరా డ్రోన్‌కి ఒక బ్యాటరీ అరగంటకి అటూ ఇటూ వస్తుంది, తర్వాత దిగాల్సిందే. ఎటు దిగుతుందో చూస్తే మనిషి దొరుకుతాడు. రోజూ మీ చెరువు మీదికే వస్తోందంటే నాకైతే పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మడానికి) ముందు వచ్చే రొయ్యల దొంగల మీదే అనుమానం. వీడియో తీసి పోలీసులకి ఇవ్వండి. రాళ్లు మాత్రం విసరొద్దు. ఒకసారి ఎవరో నా డ్రోన్‌పై రాయి వేస్తే రెక్క విరిగి, కూలివాడి పక్కనే పడింది.